గొంతుల చరిత్ర - 9: వీల్‌చైర్ కింద టేప్‌రికార్డర్

గత భాగం చదివి డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "మేడమ్, సభలో జనం మధ్య కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసింది చరిత్రకు ఆధారం అవుతుందా? అది పుస్తకం కాదు, పేపర్ కటింగ్ కూడా కాదు కదా?"

అవుతుంది తమ్ముడూ. కానీ దేనికి ఆధారమవుతుంది, దేనికి కాదు అనేది కూడా చూడాలి. అందుకే ఈసారి మన సభల్ని కాసేపు పక్కనపెట్టి మిమ్మల్ని అమెరికాలో ఒక రాక్ కచేరీకి తీసుకెళ్తాను. చివర్లో మా పేటకే వస్తాం.

1977 జూన్ 21 రాత్రి. లాస్ ఏంజిలిస్ పక్కన ఇంగిల్‌వుడ్‌లో ఫోరమ్ అనే పెద్ద హాలు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన లెడ్ జెప్లిన్ బ్యాండు అక్కడ ఆరు రాత్రులు పాడింది. ఇది మొదటి రాత్రి. రాబర్ట్ ప్లాంట్ గొంతు, జిమ్మీ పేజ్ గిటారు, జాన్ పాల్ జోన్స్ బేసు, జాన్ బోనమ్ డ్రమ్స్. కచేరీ మూడు గంటలు దాటింది. 1968లో మొదలైన ఆ బ్యాండుకి అమెరికాలో అదే చివరి పర్యటన అవుతుందని హాల్లో ఎవరికీ తెలీదు. జూలై నెలాఖరులో ప్లాంట్ చిన్న కొడుకు చనిపోయాడు, పర్యటన మధ్యలోనే ఆగిపోయింది. 1980లో బోనమ్ పోయాక బ్యాండే లేదు.

ఆ రాత్రి హాల్లో వీల్‌చైర్‌లో ఒక యువకుడు ఉన్నాడు. పేరు మైక్ మిలార్డ్. అతనికి నడవడంలో ఏ ఇబ్బందీ లేదు. వీల్‌చైర్ సీటు కింద నాకమీచి 550 అనే క్యాసెట్ రికార్డరు ఉంది. ఆ రోజుల్లో మంచి రికార్డరంటే చొక్కా కింద దాచుకునేది కాదు, బరువైన పెట్టె. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు అందరి సంచులూ తడుముతారు గానీ వీల్‌చైర్‌లో ఉన్న మనిషిని లేపి చూడరు. అదీ లెక్క. పైగా వీల్‌చైర్ వాళ్లకి మంచి చోటు దొరుకుతుంది. (ఈ ఉపాయాన్ని అభిమానులు ముచ్చటగా చెప్పుకుంటారు. నాకు అంత ముచ్చటగా లేదు. నిజంగా వీల్‌చైర్ అవసరమైన మనిషికి దక్కాల్సిన చోటు అది. ఆ మాట అనేసి ముందుకు పోతాను.)

ఏకేజీ కంపెనీ మైకులు, చుట్టూ వేల మంది జనం. మామూలుగా జనంలోంచి తీసిన టేపులో అరుపులే తప్ప పాట వినపడదు. మిలార్డ్ టేపు అలాంటిది కాదు. డ్రమ్ము దెబ్బ ఛాతీకి తగులుతుంది. ఎడమ చెవికీ కుడి చెవికీ తేడా తెలుస్తుంది. జనం కేకలూ ఉన్నాయి, కానీ పాట మీద పడకుండా పాట చుట్టూ ఉన్నాయి. తర్వాత దొంగ ప్రతులు అమ్మేవాళ్లు దానికి 'లిసన్ టు దిస్, ఎడీ' అని పేరు పెట్టి ప్రపంచమంతా తిప్పారు. ఇలాంటి వాటిని బూట్‌లెగ్ అంటారు. బూటులో సారా సీసా దాచుకున్న కాలం నాటి మాట అది. మిలార్డ్ మాత్రం అమ్ముకోలేదనీ, తన ప్రతులు బజారుకెక్కడం చూసి బాధపడేవాడనీ అతని స్నేహితులు చెబుతారు. 1994లో అతను చనిపోయాడు. బ్యాండు ఆ కాలంలో ఈ పర్యటన మీద లైవ్ ఆల్బమ్ ఏదీ తేలేదు. 1977లో వాళ్లు ఎలా వాయించారో తెలుసుకోవాలంటే ఈ రోజుకీ చరిత్రకారులు తిరిగి తిరిగి ఈ టేపు దగ్గరికే వస్తారు.

బ్యాండు దృష్టిలో మాత్రం ఇది దొంగతనం. మేనేజర్ పీటర్ గ్రాంట్ భారీ మనిషి, రికార్డింగు పరికరం కనిపిస్తే ఊరుకునేవాడు కాదు. 1971లో కెనడాలోని వాంకూవర్‌లో హాల్లో ఒక యంత్రం చూసి బూట్‌లెగ్ వాళ్లదే అనుకుని ధ్వంసం చేయించాడు. తీరా చూస్తే అది శబ్దం ఎంత ఉందో కొలవడానికి నగర అధికారులు తెచ్చిన మీటరు!

మా పాట మాది, మాకు చెప్పకుండా పట్టుకుపోకూడదు అనడంలో తప్పేమీ లేదు. కళాకారుడి శ్రమకి ధర ఉండాలి. మన వాగ్గేయకారుల విషయంలో నేనూ అదే అంటాను. అయితే ఈ టేపులో మూడో పాట దగ్గర ఆగండి.

'నోబడీస్ ఫాల్ట్ బట్ మైన్'. తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు అని అర్థం. 1976లో వచ్చిన 'ప్రెజెన్స్' ఆల్బమ్ మీద ఈ పాట రాసింది పేజ్, ప్లాంట్ అని ఉంటుంది. కానీ ఈ పేరుతో, ఈ పల్లవితో పాట 1927 డిసెంబర్ 3నే రికార్డయింది. డాలస్ నగరంలో కొలంబియా కంపెనీ వాళ్ల మైకు ముందు దాన్ని పాడింది బ్లైండ్ విల్లీ జాన్సన్. టెక్సాస్ నల్లజాతి మనిషి. చిన్నప్పుడే చూపు పోయింది. వీధి మూలల్లో గిటారు పట్టుకుని దేవుడి పాటలు పాడి బతికాడు. 1945లో బోమాంట్ పట్టణంలో చనిపోయాడు. ఇల్లు కాలిపోతే ఆ మసిలోనే తడి పరుపు మీద పడుకున్నామని భార్య తర్వాత చెప్పింది.

జెప్లిన్ వాళ్లు ఆ పాటను చాలా మార్చారు. గిటారు వరస వాళ్లది, మాటలు కూడా చాలావరకు వాళ్లవే. ఆ సంగతి ఒప్పుకోవాలి. అయినా పేరు దగ్గర అంధుడైన ఆ నల్ల గాయకుడి కోసం ఒక్క అంగుళం జాగా వదల్లేదు.

ఇక్కడ చరిత్ర ఒక చిత్రం చేసింది. అదే 1927 డిసెంబర్ 3న, అదే చోట, విల్లీ జాన్సన్ ఇంకో పాట పాడాడు. అందులో మాటల్లేవు, ఉత్త మూలుగు, గిటారు. ఫోరమ్ కచేరీ అయిన రెండు నెలలకి, 1977 ఆగస్టు 20న వాయేజర్ 2 నింగికెగిరింది. సెప్టెంబర్ 5న వాయేజర్ 1. ఆ రెండింటిలోనూ కార్ల్ సేగన్ బృందం పెట్టిన బంగారు రికార్డులో ఈ మూలుగు ఉంది. ఒకే రోజు పాడిన రెండు పాటల్లో ఒకటి అతని పేరుతో నక్షత్రాల వైపు పోయింది. రెండోది అదే వేసవిలో వేరేవాళ్ల పేరు మీద ఫోరమ్‌లో మోగింది.

కచేరీ చివర్లో 'హోల్ లాటా లవ్' వస్తుంది. అది కూడా అంతే. విల్లీ డిక్సన్ రాసి 1962లో మడ్డీ వాటర్స్ పాడిన 'యూ నీడ్ లవ్' అందులో ఉంది. డిక్సన్ అప్పటికి బతికే ఉన్నాడు, 1985లో కేసు వేశాడు. 1987లో కోర్టు బయట రాజీ కుదిరింది. ఇప్పుడు ఆ పాట మీద డిక్సన్ పేరు కూడా ఉంటుంది. రావలసిన డబ్బు రాని బ్లూస్ కళాకారుల కోసం ఆయన బ్లూస్ హెవెన్ అనే ఫౌండేషన్ పెట్టాడు. విల్లీ జాన్సన్ 1945లోనే పోయాడు, ఆయన తరఫున కోర్టు మెట్లెక్కడానికి ఎవరున్నారు?

వీల్‌చైర్ కింద దాచిన పెట్టె దొంగతనమైంది. ఆల్బమ్ అట్ట మీద అచ్చయిన పేరు రచన అయింది. తమ్ముడూ, నీ ప్రశ్నకి నా జవాబు ఇక్కడుంది. మిలార్డ్ టేపు ఆ రాత్రి ఏం పాడారో, ఎలా పాడారో, జనం ఎక్కడ అరిచారో నిక్కచ్చిగా చెబుతుంది. ఆ పాట ఎవరి నోట పుట్టిందో మాత్రం చెప్పదు. దానికి 1927 నాటి రికార్డు దాకా వెనక్కి నడవాలి.

ఇప్పుడు మా పేటకి వద్దాం.

మా మేనత్త కువైట్‌లో ఇళ్లలో పనిచేసి తిరిగొచ్చినప్పుడు ఒక టేప్‌రికార్డర్ తెచ్చింది. 1991 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ శతజయంతి నాడు, మా రామాలయం అరుగు మీద కాదు (అక్కడికి మనల్ని రానిచ్చిందెవరు?), చర్చి ముందు వేపచెట్టు కింద సభ జరిగింది. బాబాయి ఆ టేప్‌రికార్డర్‌ని ఒళ్లో పెట్టుకుని జనంలో కూర్చున్నాడు. సినిమా పాటల క్యాసెట్ మీదే రికార్డు చేశాడు. మధ్యలో ఒక పసిబిడ్డ ఏడుపు, "ఒరే, లైటు తీగ తొక్కకండ్రా" అని ఒక పెద్దాయన కేక, ఆ వెనక ఒకావిడ పాట.

ఆ క్యాసెట్ పోయిన సంక్రాంతికి అటక మీద దొరికింది. టేపు మీద తెల్లటి బూజు. హైదరాబాద్‌లో తెలిసినాయన తుడిచి కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. విన్నాను. ఆ పాట నాకు కంఠతా వచ్చు. నా పిహెచ్‌డి మూడో అధ్యాయంలో పది పేజీలు దాని మీదే రాశాను. 1996లో అచ్చయిన ఒక పాటల పుస్తకంలోంచి తీసుకుని, అందులో ఉన్న మగకవి పేరే రచయితగా రాశాను. ఆ పాటలో స్త్రీ గొంతుని ఆయన ఎంత సహజంగా పట్టుకున్నాడో అని మెచ్చుకున్నాను కూడా!

ఆవిడే కట్టిందని ఈ టేపు చెప్పదు. మిలార్డ్ టేపుకున్న పరిమితే దీనికీ ఉంది. అప్పటికే ఆ పాట ఊరూరా తిరుగుతూ ఉండొచ్చు, ఆ కవే ముందు రాసి ఉండొచ్చు. కానీ పుస్తకానికి ఐదేళ్ల ముందు అది ఒక కూలి తల్లి నోట ఉంది. పుస్తకంలో లేని చరణం ఒకటి, కోత కూలి కొలతల మీద, ఆవిడ పాడింది. పుస్తకంలో అచ్చయిన పేరు చూసి నేను అక్కడితో ఆగిపోయాను. మా ఇంటి అటక మీద ఏముందో అడగలేదు.

బాబాయిని అడిగాను, పేరు ఎందుకు రాయలేదని. "మనోళ్లే కదమ్మా, పేరెందుకనుకున్నాను" అన్నాడు. క్యాసెట్ అట్ట మీద సభ పేరుంది, తారీఖుంది, ముఖ్య అతిథి పేరు పెద్దక్షరాల్లో ఉంది. ఆవిడ పేరు లేదు.

గొంతు గుర్తుపట్టమని పేటలో ఇద్దరు పెద్దమ్మలకి ఫోన్‌లో వినిపించాను. ఒకరు ఒక పేరు చెప్పారు, రెండో ఆవిడ ఇంకో పేరు చెప్పింది. ఒకరు చనిపోయారు. రెండో ఆవిడ కూతురి దగ్గర మండపేట వైపు ఉందట. వచ్చే ఆదివారం స్పీకరు పట్టుకుని వెళ్తున్నాను. మీ ఇళ్లలో కూడా ఇలాంటి క్యాసెట్లు ఉంటే పాత ప్లేయర్‌లో పెట్టి తిప్పకండి, బూజు పట్టిన టేపు తెగిపోతుంది. ముందు నాకు మెసేజ్ పెట్టండి. అట్ట మీద లేని పేర్లు మీ అమ్మమ్మలకి గుర్తున్నాయేమో ఈ వారమే అడగండి.

జై భీమ్.