చావిడికి బాడుగ ఎప్పుడొచ్చింది?

మాఘం దగ్గరపడితే నంద్యాల, ఆళ్లగడ్డ వైపు పెళ్లిపెద్దలు రెండు చోట్లకు తిరుగుతారు. ముందు పురోహితుడి దగ్గరకు, ఆ వెంటనే హాలు మేనేజరు దగ్గరకు. ఈ మధ్య ఆ వరస తిరగబడింది కూడా. హాలు ఏ రోజు ఖాళీగా ఉందో కనుక్కుని వచ్చి, ఆ రోజుకే ముహూర్తం చూడమని అయ్యవారిని బతిమాలేవాళ్లున్నారు. బాడుగ ఎంత, అడ్వాన్సు ఎంత, కరెంటు మీటరు చూసి వేస్తారా కలిపేనా, జనరేటరుకు డీజిలు ఎవరు పోయాలి, వంటపాత్రలు అక్కడే ఉన్నాయా, టెంట్ హౌస్ నుంచి తెచ్చుకోవాలా? బేరం అరగంట నడుస్తుంది.

ఈ బేరం చాలా కొత్తది. ఊరుమ్మడి కప్పు కింద నలుగురు కూడడం ఈ సీమకు ఎప్పటినుంచో ఉన్నదే. ఆ కప్పుకు బాడుగ కట్టడం మాత్రం నిన్నమొన్నటి అలవాటు. అంతకుముందు ఖర్చు లేదని కాదు, ఇంకెవరో పెట్టుకునేవారు. అది ఎవరన్నదే అసలు కథ.

ఈ ప్రాంతంలో పెళ్లి పిలుపులకు ఊరూరా తిరిగే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. అహోబిలం నరసింహస్వామి. కనుమ నాడు పల్లకీలో దిగువ అహోబిలం నుంచి బయలుదేరి, నలభై రోజులకు పైగా ముప్పై పైచిలుకు ఊళ్లు తిరిగి, ఫాల్గుణంలో జరిగే తన బ్రహ్మోత్సవ కల్యాణానికి రమ్మని జనాన్ని పిలిచి వెళ్తాడు. దాన్నే పారువేట అంటారు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు గనుక చెంచులకు ఆయన అల్లుడు, ఆ చుట్టరికం ఇప్పటికీ పాటిస్తారు. పల్లకీ దిగడానికి ఊళ్లలో కట్టలు కట్టి పెట్టుకున్నారు, వాటిని తెలుపులంటారు. స్వామి ఊళ్లో ఉన్నంతసేపూ ఆ కట్టే కొలువు. దాన్ని కట్టింది ఊరు, సున్నం కొట్టేది ఊరు, వచ్చిన జనానికి అన్నం పెట్టేది కూడా ఊరే. ఊరుమ్మడి వేదిక అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. గోడల్లేవు, తాళం లేదు, బుకింగు రిజిస్టరు అసలే లేదు.

గోడలూ కప్పూ ఉన్నది చావిడి. నంద్యాల చుట్టుపక్కల పాత చావిడి రూపం చూస్తే నేలలో ఏముందో తెలిసిపోతుంది. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు నాపరాయి దొరుకుతుంది గనుక కిందంతా నాపబండలు. రాతి స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, పైన మట్టి, ఆ మట్టి మీద చౌడు. వాన నీరు లోపలికి దిగకుండా కాచేది ఆ చౌడే. కరణం లెక్కలు రాసుకున్నది అక్కడే, రెడ్డి శిస్తు వసూలు చేసింది అక్కడే, పంచాయితీ తీర్పులు చెప్పిందీ అక్కడే. చాలా ఊళ్లలో పీర్ల చావిడి వేరేగా ఉంటుంది. మొహర్రం వచ్చిందంటే హిందువులూ ముస్లిములూ కలిసి పీర్లను నిలబెట్టేది అందులోనే. దాని మరమ్మతుకు చందా ఎత్తేటప్పుడు కులమతాల లెక్క పెద్దగా ఉండదు.

ఊరుమ్మడి అన్నాం కదా అని చావిడి అందరిదీ అనుకుంటే అది అబద్ధం. దళితులు మెట్ల కింద నిలబడి మాట్లాడాల్సిన చావిళ్లే ఎక్కువ. ధర్మశాలలూ సరాయిల్లో అంటరానితనం పాటించడం నేరమని చట్టం చెప్పడానికి 1955 దాకా పట్టింది. ఆ చట్టం వచ్చిన మరునాడే మెట్లు ఎక్కనిచ్చారని కూడా అనుకోనక్కర్లేదు.

ఇక సత్రం. సత్రం ఖర్చు ఊరిది కాదు, దాతది. దాత కూడా ఏటా డబ్బులివ్వడు. కొంత భూమి మాన్యంగా రాసిచ్చి తన దారిన తను పోతాడు. ఆ భూమి పంటే అన్నం పెడుతుంది, కప్పు నేయిస్తుంది, కాపలావాడికి జీతమిస్తుంది. 1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసులో బయలుదేరి కడప మీదుగా అహోబిలం, మహానంది, శ్రీశైలం చూసుకుంటూ కాశీకి వెళ్లాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన మనిషి గనుక లెక్కలంటే ఇష్టం. ఏ మజిలీలో దిగడానికి చోటుంది, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, దారి ఎట్లా ఉంది అన్నీ రాసుకుంటూ పోయాడు. ఆ రాతలే 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయ్యాయి. శ్రీశైలం యాత్రికుల నుంచి కందనవోలు (కర్నూలు) నవాబు పన్ను వసూలు చేసే సంగతీ అందులో ఉంది. అంటే ఆ రోజుల్లో యాత్రికుడు కొండ ఎక్కడానికి డబ్బు కట్టేవాడు గాని, సత్రంలో పడుకోవడానికి కట్టేవాడు కాదు. ఇప్పుడు కొండ ఎక్కడానికి అట్లాంటి పన్ను లేదు, గదికి మాత్రం ఆన్‌లైన్లో ముందే కట్టాలి.

మాన్యం మీద నడిచే సత్రానికి ఒకటే జబ్బు. దాత మనవళ్లో, ధర్మకర్తలో పంటను ఇంటికి తోలుకుపోతే అడిగే దిక్కుండదు. దీన్ని పట్టుకోవడానికే మద్రాసు ప్రభుత్వం 1817లో ఏడో రెగ్యులేషన్ తెచ్చింది. గుళ్లు, మసీదులు, సత్రాలు, వంతెనల కోసం రాసిచ్చిన భూముల రాబడి వాటికే ఖర్చయ్యేట్టు చూసే బాధ్యతను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. అప్పటికి కోయిలకుంట్ల వైపు పల్లెలు కంపెనీ చేతిలో ఉన్నాయి. 1800లో నిజాం కంపెనీకి ఇచ్చేసిన దత్త మండలాల్లోవి అవి. నంద్యాల మాత్రం కర్నూలు నవాబు కింద ఉండి 1839లో కంపెనీ చేతికి వచ్చింది. ఒక వాగుకు ఇటు సత్రం లెక్క కలెక్టరు చూస్తే అటు నవాబు మనుషులు చూసిన రోజులన్నమాట. తర్వాత 1863 చట్టంతో దొరలు గుళ్ల వ్యవహారం నుంచి చేతులు కడుక్కున్నారు. స్థానిక బోర్డులు వచ్చాక కొన్ని సత్రాలు వాటి కిందికి పోయాయి. 'సర్కారు సత్రం' అనే మాట అట్లా పుట్టిందే.

మాన్యం లేకుండా అన్నం పెట్టినవాడూ ఈ నేల మీద ఉన్నాడు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేల మందికి గంజీ అన్నం పోయించాడు. విక్టోరియా రాణి పేరున బంగారు పతకం వచ్చింది. ఆయన గురించి పాటలు కట్టుకున్నారు. ఆ ఊరి పేరు చెబితే 1847లో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డే అందరికీ గుర్తొస్తాడు, సినిమా కూడా ఆయన మీదే వచ్చింది. కత్తి పట్టినవాడికి దక్కినంత పేరు గరిటె పట్టినవాడికి దక్కలేదని నా ఫిర్యాదు.

ఇంతదాకా పెళ్లి ఊసు రాలేదని మీరు అనుకుంటూ ఉండాలి. రాకపోవడానికి కారణముంది. పెళ్లి వీటిలో ఎక్కడా జరిగేది కాదు. అమ్మాయి ఇంటి ముందర చప్పరం వేసి, కొబ్బరి మట్టలు కప్పి, మామిడాకులు కట్టి అయిదు రోజులు అక్కడే చేసేవారు. మగపెళ్లివారికి విడిది కావాలంటే పక్కింటివాళ్లు ఇల్లు ఖాళీ చేసి ఇచ్చేవారు. కల్యాణ మండపం అనేది దేవుడికే ఉండేది. విజయనగరం రోజుల్లో గుడి కట్టారంటే స్వామి పెళ్లికి చెక్కిన స్తంభాల మండపం ఒకటి పక్కనే ఉండాల్సిందే. లేపాక్షిలో సగంలో ఆగిపోయిన మండపం కల్యాణ మండపం పేరుతోనే ప్రసిద్ధి. దేవుడి మండపం పేరు మనుషుల పెళ్లి హాలుకు ఎక్కడం ఇరవయ్యో శతాబ్దం ముచ్చట.

దాన్ని నడిపించినవి మూడు, నాలుగు మార్పులు. తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర మొదలైన కర్నూలు-కడప కాలువ 1870 నాటికి తయారైంది. 1890 ప్రాంతంలో నంద్యాలకు రైలు వచ్చింది. 1899లో మునిసిపాలిటీ ఏర్పడింది. వరి, పత్తి అమ్మిన డబ్బుతో పట్టణంలో ఇళ్లు లేచాయి, ఇంటి ముందర చప్పరం వేసే జాగా పోయింది. అయిదు రోజుల పెళ్లి మూడు రోజులకూ, చివరికి ఒక పూటకూ దిగింది. సభలకూ చోటు కావాల్సి వచ్చింది. దత్త మండలాలకు రాయలసీమ అని పేరు పెట్టుకున్నది 1928 నవంబరులో ఇదే నంద్యాలలో, ఆంధ్ర మహాసభకు జనం కూడినప్పుడు. ఆ పేరు సూచించినవాడు చిలుకూరి నారాయణరావు.

కప్పు కట్టించడానికి ముందుకొచ్చింది కుల సంఘాలు. మహానంది, అహోబిలం, శ్రీశైలం క్షేత్రాల్లో కులానికొక సత్రం వెలిసింది. ఆత్మకూరు దగ్గరి కరివేన ఊరి పేరు పెట్టుకున్న బ్రాహ్మణ సత్రం శ్రీశైలంలో మొదలై ఇప్పుడు కాశీ దాకా ఉంది. పట్టణాల్లో వాసవీ కన్యకాపరమేశ్వరి గుడి పక్కన ఆర్యవైశ్యుల మండపం, ముస్లింలకు షాదీఖానా, తర్వాతి రోజుల్లో దళితవాడల్లో అంబేద్కర్ భవనాలు వచ్చాయి. వీటికి మాన్యం లేదు, చందాలే. చందాతో గోడ లేస్తుంది గాని ఏటా సున్నం కొట్టడానికి మళ్లీ మళ్లీ చందా పుట్టదు. 1956 ఇనాముల రద్దు చట్టంతో పాత సత్రాల భూముల లెక్కలూ తారుమారయ్యాయి. కౌలు సరిగా రాని చోట ధర్మకర్తలకు కనబడిన దారి ఒక్కటే: హాలును ఏడాదికి ముప్పై, నలభై ముహూర్తాలకు బాడుగకిచ్చి మిగతా రోజులు నెట్టుకురావడం. వెనక భూమి పెట్టే ఖర్చును ఇప్పుడు పెళ్లికూతురి తండ్రి పెడుతున్నాడని నేనంటాను. కాదనేవాళ్లు హాలు లెక్కల పుస్తకం ఒకసారి తిరగేయండి.

చావిడి కథ ఇంకో రకంగా ముగిసింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేయడంతో అక్కడ కూర్చునేవాళ్లే లేకుండా పోయారు. కొన్ని చావిళ్లు రేషను గిడ్డంగులయ్యాయి, కొన్నింటి మిద్దె కూలింది.

ఆ ఖాళీలోకి వచ్చింది కమ్యూనిటీ హాలు. దాని వెనకా నంద్యాల ఉండటం చిత్రం. 1991 ఉప ఎన్నికలో అయిదు లక్షల ఎనభై వేల పైచిలుకు మెజారిటీతో ఇక్కడ గెలిచిన పి.వి.నరసింహారావు ప్రధానిగా ఉండగానే, 1993 డిసెంబరు 23న ఎంపీల స్థానికాభివృద్ధి నిధుల పథకం వచ్చింది. మొదటి ఏడాది ఒక్కో ఎంపీకి 5 లక్షలు. మరుసటేడు కోటి. 1998-99 నుంచి 2 కోట్లు, 2011-12 నుంచి 5 కోట్లు. ఆ డబ్బుతో రోడ్లు, బోర్లు, బడి గదులతో పాటు ఊరూరా కమ్యూనిటీ హాళ్లు లేచాయి. హాలైతే గోడ మీద శిలాఫలకం పెట్టుకోవచ్చు, బోరు మీద ఎక్కడ పెడతారు? నాలుగు పిల్లర్లు, ఒక స్లాబు, రేకుల వంటశాల. కట్టేదాకా ఎంపీ డబ్బు, కట్టాక పంచాయతీ తలనొప్పి. కరెంటు బిల్లు కట్టాలంటే పంచాయతీ తీర్మానం చేసి బాడుగ పెట్టక తప్పదు. అట్లా చావిడి వారసుడికీ బాడుగ అంటుకుంది.

బాడుగ ఉన్నచోటికి పన్ను వస్తుంది. 1997 జులై 1 నుంచి మండపాలను బాడుగకిచ్చేవాళ్ల మీద కేంద్రం 5 శాతం సేవా పన్ను వేసింది. తమిళనాడు కల్యాణ మండపాల సంఘం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2004లో ఓడిపోయింది. జీఎస్టీ వచ్చాక మండపం బాడుగ మీద 18 శాతం. దేవస్థానం, ధర్మసంస్థ ఆవరణలోని కల్యాణ మండపానికీ కమ్యూనిటీ హాలుకూ మాత్రం రోజుకు పదివేల లోపు బాడుగైతే మినహాయింపు ఉంది. 2017 నాటి కేంద్ర ప్రకటనలో 'కల్యాణ మండపం' అన్న మాట ఉన్నదున్నట్టు అచ్చయింది. పదివేలు దాటితే ధర్మం కాస్తా వ్యాపారమవుతుందని ఢిల్లీవారి లెక్క. దాత బతికుంటే ఏమనేవాడో.

ఇప్పుడు పాత సత్రాల్ని, రాతి చావిళ్లని బాగుచేసి వేడుకలకు ఇవ్వాలనే మాట అక్కడక్కడా వినిపిస్తోంది. నేను ఒప్పుకుంటాను, కొన్ని షరతుల మీద. 2009లో 'అరుంధతి' సినిమా వచ్చాక బనగానపల్లె నవాబుల బంగళా అరుంధతి బంగ్లా అయిపోయింది, చూడ్డానికి జనం వస్తున్నారు. పాత గోడకు గిరాకీ ఉందన్నమాట. కాని పెళ్లివారికి కావాల్సింది వేరు. వెయ్యి మందికి బంతి భోజనాలు, కార్లు నిలపడానికి జాగా, డీజే. రాతి చావిట్లో నూటయాభై మంది పడితే గొప్ప. స్తంభాలకు మేకులు కొట్టి సీరియల్ లైట్లు వేలాడదీస్తారు, చౌడు మిద్దె మీద జనరేటరు వైర్లు లాగుతారు, అది ఒక వానకే కారుతుంది. అందుకని నామకరణాలకు, నిశ్చితార్థాలకు, సంగీత కచేరీలకు, పుస్తకావిష్కరణలకు ఇవ్వమంటాను. పొయ్యి బయట పెట్టాలి, మేకు ఒక్కటి కొట్టకూడదు. బాడుగలో కొంత భాగం వానాకాలానికి ముందే మిద్దె మీద చౌడు వేయించడానికి పక్కన పెట్టాలి. చౌడు పరిచే పని తెలిసినవాళ్లు ఇంకా కొందరున్నారు, వాళ్లకు కూలీ కూడా ఈ బాడుగలోంచే రావాలి.