సముద్రానికి వెళ్ళే బండి, బండి తోలే మనిషి

ఈ ఎపిసోడ్ షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా రూములోనే రికార్డు చేశాను. మధ్యమధ్యలో ఏసీ చప్పుడూ, బయట ట్రెయిలర్ రివర్సు హారనూ వినపడతాయి, సర్దుకోండి. అందులో చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, మాటల్లో తప్పిపోయిన రెండు మూడు సంగతులు కలిపి.

మా క్యాంపుకి ఎదురుగా ఒక ఫ్యాబ్రికేషన్ యార్డు ఉంది. ఏడాదంతా అక్కడ పోర్టా క్యాబిన్లు కడతారు: సైటు ఆఫీసులు, సెక్యూరిటీ గదులు, లేబర్ రూములు. అక్టోబరు వచ్చేసరికి వాటి పక్కనే ఇంకో రకం తయారవుతుంది. కింద చక్రాలు, లోపల మడిచే మంచం, చిన్న సింకు, గ్యాసు స్టవ్వు, కిటికీకి పూల కర్టెను. చలికాలంలో ఇక్కడి కుటుంబాలు పిల్లల్ని తీసుకుని ఎడారికో బీచికో వెళ్ళి రాత్రి ఉండే కారవాన్లు అవి. నేను ఐటీఐలో ఫిట్టర్ చేసినవాణ్ణి, కళ్ళు ముందు జాయింట్ల మీదకే పోతాయి. రెంటికీ అదే శాండ్‌విచ్ ప్యానెల్, మధ్యలో అదే ఫోమ్, ఏసీకి అదే సైజు కన్నం. వెల్డింగు చేసేదీ అవే చేతులు. సైటులో రెంటినీ మనం కారవాన్ అనే అంటాం. అందులో వెళ్ళి ఉండడాన్ని వాళ్ళు క్యాంపింగ్ అంటారు. మనం ఉండేదాన్ని క్యాంపు అంటారు.

మొన్న ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, యూట్యూబులో చంటిపిల్లల్ని బండిలో ఏసుకుని బీచి పక్కనే వారాలకి వారాలు ఉంటన్నారు. ఇదెప్పుడు మొదలయ్యింది? మనోళ్ళకి ఇట్టాంటిది ఉండేదా?" ఇవాళ్టి ఎపిసోడ్ అంతా ఆ ప్రశ్నకి జవాబే.

ముందు బయటి సంగతి. సరదా ప్రయాణం కోసమే కట్టించుకున్న పాత కారవాన్లలో బాగా పేరున్నది 'వాండరర్'. 1885లో ఇంగ్లండులో బ్రిస్టల్ వాగన్ వర్క్స్ వాళ్ళు కట్టారు. కట్టించుకున్నాయన గోర్డన్ స్టేబుల్స్. నేవీలో డాక్టరుగా చేసి, తర్వాత పిల్లల కోసం సాహస కథలు రాసుకున్న పెద్దమనిషి. రెండు గుర్రాలు లాగేవి. ఆయనతో పాటు గుర్రాలు తోలడానికి ఒక మనిషి, పనులు చూడడానికి ఒక నౌకరు. ఆ నౌకరు మూడు చక్రాల సైకిలు మీద ముందు వెళ్ళి, దారి ఎలా ఉందో చూసేవాడు. అంటే సెలవు మీద ఉన్నది ఒకరు, డ్యూటీలో ఉన్నది ఇద్దరు.

ఈ లెక్క మారింది బండి మారినందుకు కాదండి, చట్టం మారినందుకు. ఫ్రాన్సులో 1936లో పెద్ద సమ్మెలు జరిగాయి. ఆ తర్వాత కార్మికులకి ఏడాదికి రెండు వారాలు జీతంతో సెలవు వచ్చింది. బ్రిటన్లో 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం చేశారు. యుద్ధం అయిపోయాక జర్మనీలో ఫోక్స్‌వాగన్ వాళ్ళు 1950లో ఒక వ్యాను తయారు చేయడం మొదలుపెట్టారు. మరుసటేడే వెస్ట్‌ఫాలియా అనే కంపెనీ ఆ వ్యానులో మంచం, బల్ల, అలమర బిగించి అమ్మింది. మనం ఇప్పుడు వీడియోల్లో చూసే క్యాంపర్ వ్యానుకి తాత అదే. తోలేవాడు, సెలవు పెట్టినవాడు, పిల్లల తండ్రి ముగ్గురూ ఒకడే కావడం ఈ వ్యానుతో మామూలు మనుషులకి అందింది. జీతంతో సెలవు లేకపోతే ఆ వ్యాను షోరూములోనే ఉండేది.

ఇక మనవాళ్ళకి ఉండేదా అంటే, ఉండేదండి. మాది కోనసీమ, రాజోలు వైపు. గోదావరి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోట అంతర్వేది ఉంది. మాఘమాసంలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, భీష్మ ఏకాదశికి రథం, పౌర్ణమికి సముద్ర స్నానం. దాళ్వా నాట్లు అయ్యాక కాస్త తెరిపి దొరికేది. అప్పుడు గూడుబళ్ళు కట్టేవారు. బండి మీద వెదురుబద్దలు వంచి, పైన చాప కప్పితే గూడు. లోపల మందంగా ఎండుగడ్డి, దాని మీద బొంత. అమ్మమ్మలూ, బాలింతలూ, చంటిపిల్లలూ లోపల. ఇరుసు కింద లాంతరు. రాత్రి భోజనాలయ్యాక బయల్దేరితే తెల్లారేసరికి సముద్రం హోరు వినపడేది. సరుగుడు తోటల్లో ఎడ్లని విప్పి, మూడు రాళ్ళు పెట్టి, కొబ్బరి మట్టలతో వంట. రెండు మూడు రాత్రులు అక్కడే. చక్రాల మీద ఇల్లు, సముద్రం ఒడ్డు, చిన్నపిల్లలు, అన్నీ ఉన్నాయి. పేరు ఒక్కటే వేరు: తీర్థం.

ఇదంతా నేను మా నాన్న నోట విన్నాను. కానీ మా నాన్న చిన్నప్పుడు ఆ బండి ఎక్కలేదు. మా తాతయ్య కామందు గారి దగ్గర పాలేరు. బండి తోలింది ఆయన. కామందు గారి పిల్లలు గడ్డి మీద నిద్రపోతుంటే ఆయన నొగ మీద కూర్చుని రాత్రంతా మేలుకునేవాడు. అక్కడికి వెళ్ళాక బండి కింద పడుకునేవాడు, ఎడ్లకి కాపలాగా. సొంత పిల్లలు నలుగురూ ఊళ్ళో ఉండిపోయేవారు. వచ్చేటప్పుడు తువ్వాలు కొసన జీళ్ళూ, నాలుగు గవ్వలూ మూటకట్టి తెచ్చేవాడట. ఇరవై ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రం గురించి మా నాన్నకి పదేళ్ళొచ్చేదాకా తెలిసింది ఆ గవ్వలే.

ఇప్పుడు మనం ఉంటున్న ఈ ఊరి సంగతి చూద్దాం. షార్జాలో ఇవాళ కోర్నిష్ మీద కుటుంబాలు కనపడతాయి గానీ, చమురుకి ముందు ఎండాకాలంలో ఈ ఒడ్డున సముద్రం ఒక దిక్కు, కుటుంబం ఒక దిక్కు. కారణం ముత్యాలు. జూన్ ప్రాంతంలో పడవలు బయల్దేరితే సెప్టెంబరు చివరికి గానీ తిరిగొచ్చేవి కాదు. దాదాపు నాలుగు నెలలు. పడవ పెద్దని నోఖదా అనేవారు. మునిగేవాడు ముక్కుకి తాబేటిచిప్పతోనో కొమ్ముతోనో చేసిన క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని దిగేవాడు. పైనుంచి తాడు లాగేవాడు ఇంకొకడు, వాణ్ణి సైబ్ అనేవారు. కిందవాడి ప్రాణం పైవాడి చేతిలో. వీళ్ళలో ఆఫ్రికా నుంచీ బలూచిస్తాన్ నుంచీ తెచ్చిన బానిసలూ ఉండేవారు.

బయల్దేరే ముందు ఇంటి ఖర్చుకి నోఖదా దగ్గర అడ్వాన్సు తీసుకోవాలి. సీజను బాగోకపోతే అది తీరదు, వచ్చే ఏడాది లెక్కలోకి వెళ్తుంది. తీరకుండా వేరే పడవ ఎక్కడానికి లేదు. వింటుంటే ఏదో మనకి తెలిసిన కథలా లేదూ? ఏజెంటు డబ్బులకి అప్పు చేసి విమానం ఎక్కిన ప్రతి ఒక్కడికీ ఈ లెక్క నోటికొచ్చు.

మరి ఆడవాళ్ళూ పిల్లలూ? వేడి తట్టుకోలేక చాలా కుటుంబాలు ఒంటెలు అద్దెకి తీసుకుని లోపలి తోటలకి వెళ్ళేవి. షార్జా నుంచి ధైద్ వైపు, ఇంకొందరు బురైమీ వైపు, కొందరు కొండలు దాటి తూర్పు ఒడ్డుకి. ఖర్జూరం పండే కాలం, నీళ్ళు దొరికే చోటు. ఖర్జూర మట్టలతో కట్టిన ఇళ్ళు, అరీష్ అంటారు, వాటిలో ఉండేవారు. పిల్లలకి అదే వేసవి సెలవు. ఆ సెలవులో నాన్న మాత్రం ఉండడు. నాన్న సముద్రంలో ఉంటాడు.

ఇంకో సంగతి గమనించండి. మనకి మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని ఆపే రూలు జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా. ఇంచుమించు ముత్యాల కాలమే అది. ఇక్కడ కుటుంబాలకి దూరంగా మగవాళ్ళు ఒళ్ళు కరిగించుకునే నెలలు వందేళ్ళ కిందా అవే, ఇప్పుడూ అవే. మనుషులు మారారంతే. 1930లలో ప్రపంచమంతా మాంద్యం, దానికి తోడు జపాన్ పెంపకం ముత్యాలు. ఈ వ్యాపారం కూలిపోయింది. తర్వాత చమురు దొరికింది, 1971లో దేశం ఏర్పడింది. పడవలు ఎక్కినవాళ్ళ మనవళ్ళు ఇవాళ పిల్లలతో కారవాన్లో బీచికి వెళ్తున్నారు. మంచిదే కదండీ. నాన్న లేని వేసవులు వాళ్ళ ఇళ్ళల్లో కొన్ని తరాలు గడిచాయి. ఆ బాకీ తీరడానికి వాళ్ళకి అంతకాలం పట్టింది.

ఇక నా సంగతి. మాకు అమ్మాయి, తర్వాత అబ్బాయి. 2017లో నాకు రావాల్సిన రెండేళ్ళ సెలవు అమ్ముకున్నాను. ఇంటి శ్లాబుకి డబ్బు కావాలి. వెళ్ళకుండా పని చేస్తే సెలవు డబ్బులూ వస్తాయి, టిక్కెట్టు డబ్బులూ మిగులుతాయి. శ్లాబు పడింది. మావాడికి నాలుగేళ్ళు వచ్చేసరికి వాడితో నేను గడిపింది మొత్తం 60 రోజులు.

2019 జనవరిలో సంక్రాంతి సెలవులు కలిసొచ్చేలా మా ఆవిణ్ణీ పిల్లల్నీ విజిట్ మీద పిలిపించాను. ఎయిర్‌పోర్టులో మావాడు నన్ను "అంకుల్" అన్నాడు. మా ఆవిడ వాడి నోరు మూయబోయింది. వద్దన్నాను. వాడి తప్పేముంది?

పిల్లలకి సముద్రం ఒడ్డున పడుకోవాలని ఉంది. హోటలు మన వల్ల కాదు. జగిత్యాల తమ్ముడొకడు డ్రైవరు. వాడికి తెలిసినచోట ఒక హయేస్ అద్దెకి మాట్లాడాం. వెనక సీట్లు తీసి ప్లైవుడ్ పరిచి, దాని మీద మా రూము పరుపులు రెండు వేశాం. నా దగ్గర ఆ బండి నడిపే లైసెన్సు లేదు, కాబట్టి వాడే తోలాడు. అప్పట్లో వారం సెలవు శుక్రవారం. గురువారం సాయంత్రం డ్యూటీ దిగి బయల్దేరాం. ధైద్ మీదుగా మసాఫీ, అక్కణ్ణుంచి ఫుజైరా, ఖోర్‌ఫక్కాన్. మసాఫీ దగ్గర రోడ్డు పక్క సంతలో ఆగి పళ్ళు కొన్నాం. ఆ కొండదారిలో ఒంటెల మీద పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళినవాళ్ళ సంగతి నాకు అప్పటికి తెలియదు. తర్వాత చదివాను.

ఖోర్‌ఫక్కాన్ చేరేసరికి రాత్రయ్యింది. ఒడ్డున చాలా కుటుంబాలు చాపలు పరుచుకుని ఉన్నాయి. మా ఆవిడ తెచ్చిన పులిహోర తిన్నాం. పిల్లలు అలల్లో తడిసి, వణుకుతూ వచ్చి బండిలో దూరారు. మా తమ్ముడు ఫోను పట్టుకుని నీళ్ళ దాకా వెళ్ళాడు. బోటిమ్‌లో ఇంటికి చేశాడు.

"బిడ్డా, సూడు, గదే సముద్రం. సప్పుడు ఇనొస్తుందా?"

చీకట్లో అటు ఏం కనపడిందో తెలీదు. చాలాసేపు ఫోను అలాగే అలల వైపు పట్టుకుని నిలబడ్డాడు. తిరిగొచ్చి, "అన్నా, మా బిడ్డ సముద్రం సూడలే ఇంక. ఎనిమిదేండ్లొచ్చినయ్" అన్నాడు. బండిలో చోటుంది రమ్మంటే రాలేదు. "పిల్లలు మసలుతరు, నువ్వు పండుకో అన్నా" అని దుప్పటి తీసుకుని చక్రం పక్కన ఇసకలో పడుకున్నాడు.

నాకు నిద్ర పట్టలేదు. మావాడు నిద్రలో కాలు తెచ్చి నా మీద వేశాడు. ఆ ఆనందం ఒక పక్క. బండి కింద పడుకున్న మా తాతయ్య ఒక పక్క. ఆ రాత్రి కామందుని నేనే కదా.

అదే ఏడాది ఇక్కడ రూలు మారింది. ఏ ఉద్యోగమని చూడకుండా 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు వసతి ఉంటే కుటుంబాన్ని తెచ్చుకోవచ్చన్నారు. నాకు అర్హత వచ్చింది. కాగితం మీద లెక్క వేశాం: రూము అద్దె, ఇద్దరి స్కూలు ఫీజులు, ఊళ్ళో అప్పు. లెక్క కుదరలేదు. రూలు తలుపు తీసింది, జీతం లోపలికి రానివ్వలేదు. మనలో చాలామంది పరిస్థితి ఇదే కాబట్టి తెచ్చేసుకోండని ఉత్త సలహా ఇవ్వను.

కానీ ఒకటి చెప్తాను. ఇక్కడి చట్టం ప్రకారం ఏడాది పూర్తయితే మనకి 30 రోజుల జీతం సెలవు ఉంది. ఇంగ్లండోడికీ ఫ్రాన్సువాడికీ వ్యాను ఇచ్చింది ఆ సెలవే. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు దాన్ని అమ్మకండి. శ్లాబు రెండేళ్ళు ఆగినా పడుతుంది. నేను అమ్మిన 60 రోజుల్ని ఇప్పుడు ఎంతిచ్చినా కొనలేను. మావాడికి ఇప్పుడు నాతో మాట్లాడడం కంటే ఫోన్లో గేము ముఖ్యం.

మా జగిత్యాల తమ్ముడికి ఇదే చెప్పి పోరుపెట్టాను. వాడు విన్నాడు. 2023 మాఘమాసంలో సెలవు పెట్టి వెళ్ళి, భార్యనీ కూతుర్నీ తీసుకుని సికింద్రాబాదులో నరసాపురం రైలెక్కాడు. మా ఆవిడా పిల్లలూ స్టేషనుకి ఎదురెళ్ళారు. అందరూ కలిసి గోదావరి దాటి అంతర్వేది వెళ్ళారు. నేను డ్యూటీలో ఉన్నాను, మూడో ఫ్లోరు శ్లాబు పోయిస్తున్నాను. ఫోను మోగింది. తీస్తే అలల చప్పుడు.

"అన్నా, ఇనొస్తుందా?"

వినపడుతోందన్నాను. ఈసారి ఫోను పట్టుకున్నది వాడి కూతురు.

వచ్చే ఎపిసోడు దాకా ఉంటానండి. మీ ఊళ్ళో గూడుబండి తీర్థాలు ఎవరికైనా గుర్తుంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. బండి ఎక్కినవాళ్ళు సరే, తోలినవాళ్ళ పిల్లలుంటే తప్పకుండా పెట్టండి.