సముద్రపు తొట్టిలో ముందు రాయి, తరువాత చేప

కొన్ని సంవత్సరముల క్రిందట మా కళాశాల ప్రయోగశాలలో ఒక కొత్త గాజుతొట్టిని సముద్రపు నీటితో నింపి, అందులో ఐదు చిన్న చేపలను విడిచినాము. నీరు అద్దమువలె తేటగా నున్నది. గాలిమర ఎడతెగక బుడగలను వదలుచున్నది. వేసిన మేతను చేపలు చక్కగా తిన్నవి. అయినను ఆరవనాటికి ఐదును చచ్చినవి. "నీరు ఇంత శుభ్రముగా ఉన్నదే, ఎందుకు చచ్చినవండీ?" అని ఒక విద్యార్థి అడిగినాడు. తొట్టి మరీ శుభ్రముగా నుండుటయే కారణమని చెప్పితే అతడు నమ్మలేదు. అతనిని తప్పుపట్టుటకు వీలులేదు. ఈ సంగతి గ్రహించుటకు శాస్త్రజ్ఞులకే నూరేండ్లకు పైగా పట్టినది.

గాలి లెక్క

1832లో జాన్ విల్‌ప్రో-పవర్ అను ఫ్రెంచి మహిళ సిసిలీ ద్వీపమున సముద్రజీవులను గాజుపెట్టెలలో ఉంచి పరిశీలించినది. సముద్రము చెంతనే యున్నది గనుక ఆమెకు కొత్తనీటికి కొరత లేదు. సముద్రమునకు దూరమైన నగరమునకు ఆ జీవులను తరలించినప్పుడే అసలు చిక్కు మొదలైనది.

1846లో ఆనా థిన్ అను ఆంగ్లమహిళ టార్కీ తీరమునుండి కొన్ని పగడపు జీవులను లండనుకు తీసికొనిపోయినది. నీటికి గాలి తగులుటకై ఆమె ఇంటి పనిమనిషి ఆ సముద్రపు నీటిని కిటికీవద్ద ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి ప్రతిదినము వంచి పోయుచుండెడిది. మరుసటి యేడు ఆమె ఆ నీటిలో సముద్రపు నాచును కూడ ఉంచినది. పగడములు సుమారు మూడేండ్లు బ్రతికినవి.

నాచు చేసిన మేలు ఏమి? కొవ్వొత్తి మండగా చెడిన గాలిని పుదీనా కొమ్మ బాగుచేయునని ప్రీస్ట్లీ 1772లో ప్రకటించియుండెను. ఆ పనికి వెలుతురు కావలెనని ఇంగెన్‌హౌజ్ 1779లో చూపెను. ఈ సూత్రమును చేపలతొట్టికి అన్వయించినవాడు రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు. 1849లో ఆయన రెండు బంగారు చేపలను వాలిస్నేరియా మొక్కతో కలిపి ఉంచెను. ఈ మొక్క పరాగసంపర్కపు పాఠములో మన విద్యార్థులకు పరిచయమైనదే. కుళ్ళిన ఆకులవలన నీరు చెడుచుండగా, వాటిని తినుటకు నత్తలను చేర్చెను. చేప విడిచిన బొగ్గుపులుసు గాలిని మొక్క తీసికొనును. మొక్క విడిచిన ప్రాణవాయువును చేప పీల్చును. మిగిలిన చెత్తను నత్త తినును. ఈ "సమతౌల్యమును" ఆయన 1850లో ప్రకటించెను.

సిద్ధాంతము అందముగా నున్నది. కాని లెక్కలో ఒక పద్దు తప్పిపోయినది. చేప విసర్జించునది బొగ్గుపులుసు గాలి మాత్రమే కాదు. అది తిన్న మాంసకృత్తులలోని నత్రజనిలో అధికభాగము అమోనియా రూపమున మొప్పలగుండా బయటకు వచ్చును. దానిని ఆనాడు ఎవరును లెక్కలోనికి తీసికొనలేదు.

ఇంతలో 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల భవనము తెరవబడెను. మరుసటి యేట ఫిలిప్ హెన్రీ గాస్ అక్వేరియంపై తన ప్రసిద్ధ గ్రంథమును ప్రకటించెను. ఇంగ్లండులో ఇంటింట సముద్రపు తొట్టి వెలసినది. జనులు తీరపు రాతిగుంటలను గాలించి అందలి జీవులను ఎత్తుకొనిపోయిరి. ఈ వినాశమునకు తన తండ్రి గ్రంథములే దారితీసినవని గాస్ కుమారుడు ఎడ్మండ్ 1907లో విచారముతో వ్రాసెను. అట్లు తెచ్చిన జీవులలో ఎన్నో కొలదిదినములకే చచ్చినవి. యజమానులు కొత్తవాటికై మరల తీరమునకు పోయిరి.

కంటికి కనబడని పనివారు

అమోనియా రహస్యము అక్వేరియంలో బయటపడలేదు, మురుగునీటిలో బయటపడినది. 1877లో ష్లేజింగ్, మ్యూంజ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఇసుక, సున్నపురాయి నింపిన పొడవైన గొట్టముగుండా మురుగునీటిని మెల్లగా పోనిచ్చిరి. ఇరువది దినములవరకు లోపలికి పోయిన అమోనియా అట్లే బయటకు వచ్చుచుండెను. పిమ్మట అది నైట్రేటుగా మారుట మొదలైనది. కేవలము రసాయన చర్యయే అయినచో మొదటిరోజుననే జరుగవలెను గదా! వారు గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరిని పంపగా ఆ మార్పు నిలిచిపోయినది. కొంత మట్టి కలిపిన నీటిని పోయగా మరల మొదలైనది. మత్తుమందుకు లొంగునది ప్రాణమున్నదే. ఇసుకరేణువులను పట్టుకొని సూక్ష్మజీవులు పనిచేయుచున్నవని తేలినది.

1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ ఆ సూక్ష్మజీవులను వేరుచేసి, పని రెండు అంచెలలో జరుగునని చూపెను. ఒక తెగ అమోనియాను నైట్రైటుగా మార్చును. మరియొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. మొదటి రెండును చేపకు విషములు; నైట్రేటు చాలవరకు హానిలేనిది. ఈ జీవులకు వెలుతురు అక్కరలేదు. ఆ మార్పులో వెలువడు శక్తియే వాటి జీవనాధారము. అయితే అవి మెల్లగా పెరుగును. మా ఐదు చేపలు ఆ ఇరువది దినముల ఎడములోనే చిక్కుకొన్నవి.

ఆ పనివారికి నీరు ఇల్లు కాదు. వారు గట్టి తలమును అంటిపెట్టుకొని బ్రతుకుదురు. 1961లో జకార్తా వాసి లీ చిన్ ఎంగ్ ఒక అమెరికన్ పత్రికలో తన పద్ధతిని వెల్లడించెను. ఆయన తొట్టిలో వడపోత యంత్రము లేదు. ఉన్నవి సముద్రపు నీరు, గాలిబుడగలు, పగడపు దిబ్బలనుండి తెచ్చిన రాళ్ళు మాత్రమే. ఈ "సజీవశిల" నిజమునకు చచ్చిన పగడముల సున్నపు గూడు. దాని నిండ సన్నని రంధ్రములుండును. ప్రాణవాయువు ఆడు పైపొరలో అమోనియా నైట్రేటుగా మారును. ప్రాణవాయువు అందని లోపలి భాగమున వేరొక జాతి సూక్ష్మజీవులు నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోనికి పంపును. వారింగ్టన్ మరచిన పద్దు ఇక్కడ తీరినది.

తరలించునప్పుడు

ఇది తెలిసినచో, సజీవశిలను కొత్త తొట్టిలోనికి మార్చువారు పాటించు నియమములన్నిటికి కారణము బోధపడును. రాయిని కుళాయినీటితో కడుగరాదు. మంచినీరును, అందలి క్లోరినును సూక్ష్మజీవులను చంపును. దారిలో దానిని తడిగా ఉంచవలెను. ఎంత జాగ్రత్తపడినను రాతిపైనున్న స్పాంజి మొదలైన జీవులు కొన్ని చచ్చి కుళ్ళును, అమోనియా పెరుగును. కావున రాయిని కొన్ని వారములు వేరొక తొట్టిలో, కదలుచుండు ఉప్పునీటిలో ఉంచి, దుర్వాసన పోయి అమోనియా పరీక్షలో సున్న వచ్చినపిమ్మటనే చేపను విడువవలెను. అదియును అన్నిటిని ఒక్కసారి కాదు, ఒకటి రెండుగా. చేపలు పెరిగినకొలది పనివారును పెరుగుటకు గడువు కావలెను.

ఉప్పునీటిలో ఈ జాగ్రత్త మరింత అవసరము. నీటిలో అమోనియా రెండు రూపములలో నుండును. అందు అమోనియం అయాను అంత ప్రమాదకరము కాదు. అమోనియా అణువు విషము. పి.హెచ్. ఒక అంకె పెరిగినచో ఆ విషభాగము సుమారు పదిరెట్లగును. సముద్రపు నీటి పి.హెచ్. సుమారు 8.2, చెరువు నీరు తరచుగా 7కు దగ్గర. మంచినీటి చేప తట్టుకొను అమోనియాయే సముద్రపు చేపను చంపగలదు.

ఈ కథ ఇంకను ముగియలేదు. బాక్టీరియాయే ఈ పనికంతకు కర్తలని శాస్త్రజ్ఞులు వందయేండ్లకు పైగా తలచిరి. 2005లో అమెరికాలోని సియాటిల్ అక్వేరియమున ఉష్ణమండల సముద్రపు తొట్టిలోని రాళ్ళనుండి అమోనియాతో జీవించు ఒక ఆర్కియాను వేరుచేసిరి. అది బాక్టీరియా కాదు, వేరొక జీవసామ్రాజ్యమునకు చెందినది. దాని బంధువులు మహాసముద్రములన్నిట అపారముగా నున్నవని తరువాత స్పష్టమైనది. ఒక చేపలతొట్టిలోని రాయి సముద్రశాస్త్రమునకే పాఠము చెప్పినది.

మన దేశమున పగడపు దిబ్బలను కట్టు జాతులు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చబడినవి. దిబ్బలనుండి రాయి తెచ్చుట నేరము. ఇంగ్లండు తీరమునకు జరిగినది చూచిన వారికి ఆ చట్టము ఎందుకో చెప్పనక్కరలేదు. అందుచే రెండవసారి మేము రాయికి బదులు కాల్చిన మట్టిపెంకులను తొట్టిలో పేర్చి, బాగుగా నడచుచున్న ఒక పాత ఉప్పునీటి తొట్టినుండి గుప్పెడు ఇసుక తెచ్చి వేసినాము. మేతకు బదులు దినమునకు చిటికెడు అమోనియం క్లోరైడు వేసి, అక్వేరియం దుకాణములలో దొరకు పరీక్షద్రవముతో అమోనియాను, నైట్రైటును కొలిచి గీతపటము గీయించినాము. మొదట అమోనియా గీత పెరిగి తగ్గినది. దాని వెనుక నైట్రైటు గీత పెరిగి తగ్గినది. రెండును సున్నకు దిగుటకు నెలకు పైగా పట్టినది. ఈ ప్రయోగమును ఉన్నత పాఠశాలలో మంచినీటి సీసాతోనైనను చేయవచ్చును.

గీతలు రెండును అడుగంటిన మరునాడు, ఆ ప్రశ్న అడిగిన విద్యార్థియే ఒక్క చేపను తెచ్చి తొట్టిలో విడిచినాడు.