తీగలు తెగిన వేళ హామ్ రేడియో

2023 జులై 27న పాలకుర్తిలో తెల్లవారినా చీకటి విడలేదు. భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తిందనీ, జనం ఇళ్ళ కప్పులూ చెట్లూ ఎక్కి ప్రాణాలు కాచుకున్నారనీ టీవీలో చెబుతున్నారు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడిందన్న వార్త కూడా అప్పుడే వచ్చింది. ఆ వాగుకు ఆవలి ఊళ్ళో మా మేనత్త ఒక్కతే ఉంటుంది. పొద్దంతా ఎన్నిసార్లు ఫోను చేసినా కలవలేదు. మర్నాటి సాయంత్రం ఎవరి ఫోనుతోనో తనే చేసింది. “మంచిగనే ఉన్న బిడ్డా, కరెంటు లేక ఫోను బందయింది” అన్నది.

ఆ ఒక్క మాట నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం దాటడానికి ఒకటిన్నర రోజు పట్టింది. అప్పటినుంచి నన్ను ఒక ప్రశ్న వెంటాడుతూ వచ్చింది: ఇటువంటి వేళల్లో మాటను మోసుకుపోయిన వారు మన చరిత్రలో ఎవరైనా ఉన్నారా? వెతికితే సమాధానం హామ్ రేడియో దగ్గర దొరికింది.

ఔత్సాహిక రేడియోకు వాడుక పేరు హామ్ రేడియో. పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వం నుంచి లైసెన్సు పొంది, డబ్బు ఆశించకుండా సరదా కోసం ప్రసారాలు చేసుకునేవారే హామ్‌లు. సెల్‌ఫోను పనిచేయాలంటే దారిలోని టవరుకు కరెంటుండాలి, టవరును కలిపే కేబులు తెగకుండా ఉండాలి. హామ్‌కు మధ్యలో ఎవరి సాయమూ అక్కరలేదు. ఒక రేడియో సెట్టు, 12 వోల్టుల బ్యాటరీ, రెండు చెట్లకు కట్టిన తీగ చాలు. హ్రస్వతరంగాలు ఆకాశంలోని అయనావరణాన్ని తాకి వందల, వేల కిలోమీటర్ల ఆవల దిగుతాయి. చేతిలో ఇమిడే వీహెచ్‌ఎఫ్ సెట్టుకు మాత్రం అడ్డులేని చూపు కావాలి. మా సోమేశ్వరస్వామి గుట్ట వంటి ఎత్తయిన చోటుంటే దాని మాట మరింత దూరం పోతుంది.

తీగలను నమ్ముకున్న సమాచారవ్యవస్థ ఎంత బలహీనమో తెలుగువారికి దివిసీమ నేర్పింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. దారులూ టెలిఫోను తీగలూ తెగిన పల్లెల గోడు బయటి ప్రపంచానికి వెంటనే చేరలేదు. 1983లో హైదరాబాదులో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఏర్పడింది. మరుసటి ఏడు, స్వయంగా హామ్ అయిన రాజీవ్ గాంధీ వైర్‌లెస్ పరికరాలపై దిగుమతి సుంకాన్ని తొలగించడంతో ఈ విద్యకు కొంత ఊపు వచ్చింది.

ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ కథ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. 1987 తర్వాత అండమాన్ దీవుల నుంచి హామ్ ప్రసారాలు లేవు. అక్కడినుంచి ఒక్క పలకరింపు వినాలని ప్రపంచమంతటా హామ్‌లు కాచుకుని ఉండేవారు. పదిహేడేళ్ళ తరువాత, 2004 డిసెంబరులో, అనుమతి సాధించి ఆమె బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఒక హోటల్లో కేంద్రం పెట్టింది. వీయూ4ఆర్‌బీఐ అన్న పిలుపుగుర్తుతో వారాల తరబడి దేశదేశాల హామ్‌లతో మాట్లాడింది. నిజానికి అది వినోదమే.

డిసెంబరు 26న పొద్దున్న ఆరున్నర వేళ భూమి కంపించింది. సునామీ వచ్చింది. ఆ బృందం వినోదాన్ని అక్కడితో ఆపి అత్యవసర ప్రసారాలకు పూనుకుంది. తరువాత ఘోరంగా దెబ్బతిన్న కార్ నికోబార్‌లోనూ కేంద్రం తెరిచారు. బతికున్నవారి క్షేమసమాచారాలు ఆ గాలిదారిలోనే ప్రధాన భూభాగంలోని బంధువులకు చేరాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని చీకటిలో ముంచినప్పుడు కూడా హైదరాబాదు నుంచి హామ్‌లు తరలివెళ్ళారు.

అండమాన్‌లో అదృష్టవశాత్తూ సెట్లు ఉన్నాయని సరిపెట్టుకుంటే సగమే అర్థం చేసుకున్నట్లు. ఆ సెట్ల ముందు కూర్చున్నవారికి రోజూ గంటల కొద్దీ చేసిన అభ్యాసం ఉంది. గరగరల్లో మాటను పట్టుకోవడం, పేరును అక్షరం అక్షరంగా పలికి తిరిగి చెప్పించుకోవడం, వందమంది పిలుస్తుంటే ఒక్కొక్కరికే వంతు ఇవ్వడం ఆపద వచ్చాక నేర్చుకునే పనులు కావు. ఒక్క అంకె తప్పుగా వింటే పడవ వేరే ఊరికి పోతుంది. పనికిరాని సరదా అని లోకం అనుకున్నదే ఆనాటికి సన్నద్ధత అయింది.

ఇప్పుడు శాటిలైటు ఫోన్లున్నాయి, సహాయదళాలకు సొంత వైర్‌లెస్ ఉంది. వాటికి హామ్‌లు పోటీ అని నేననను. కాని ఆ దళాలు బయటినుంచి రావాలి. తొలి గంటలు మాత్రం ఊళ్ళో ఉన్నవారివే. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర వరదకు రైలుపట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. బయటివారు రావలసిన దారికే ఆ గతి పట్టవచ్చు.

మండలానికి ఇద్దరు హామ్‌లుండి, వారానికొకసారి ఒకరినొకరు పలకరించుకుంటే చాలునని నా ఆలోచన. పన్నెండేళ్ళు నిండినవారెవరైనా పరీక్ష రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకైతే మోర్సు కోడు కూడా అక్కరలేదు. ఈ వయసులో పరీక్షలేమిటని ఇంట్లో నవ్వుతున్నా నేను పుస్తకాలు ముందేసుకున్నాను. మా మేనత్తకు చెబితే ఆమె నవ్వలేదు. “మా ఊర్ల గూడ ఒకరికి నేర్పు” అన్నది.

మిత్రులారా, మీ ఊళ్ళో హామ్ ఎవరైనా ఉన్నారా? ఉంటే వాన రాకముందే ఒకసారి వెళ్ళి పరిచయం చేసుకోండి.