మంచు అమ్మిన టూడర్లు

బోస్టన్ టూడర్ల ఇంట్లో మగపిల్లలకు హార్వర్డ్ చదువు ఆనవాయితీ. తండ్రి విలియం టూడర్ పేరున్న న్యాయవాది, స్వాతంత్ర్య యుద్ధంలో వాషింగ్టన్ సైన్యానికి న్యాయాధికారి. 1783లో పుట్టిన ఫ్రెడరిక్ మాత్రం పదమూడో ఏటే బడి మానేసి వ్యాపారంలో పడ్డాడు.

1801లో జబ్బుపడిన అన్న జాన్ హెన్రీని తోడ్కొని హవానా వెళ్లాడు. గాలి మార్పు పనిచేయలేదు, మరుసటి ఏడాదే జాన్ పోయాడు. ఉక్కపోతలో అన్న పడ్డ బాధ చూసినవాడు కాబట్టే, ఎండ దేశాలకు మంచు అమ్మాలన్న మాట ఫ్రెడరిక్ మనసులో అంత గట్టిగా నాటుకుందని నా నమ్మకం. నిజానికి 1805లో ఆ మాట మొదట అన్నది పెద్దన్న విలియం. వినోదానికి అన్నాడు, తమ్ముడు దాన్ని వదల్లేదు.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సుమారు 130 టన్నుల మంచుగడ్డలు మార్టినిక్ దీవికి బయల్దేరాయి. ఓడవాళ్లెవరూ ఒప్పుకోకపోతే ఫ్రెడరిక్ తానే ఓడ కొన్నాడు. దీవి అధికారుల అనుమతుల కోసం అన్న విలియం, బంధువు జేమ్స్ సావేజ్ ముందే వెళ్లారు. తీరా సరుకు చేరాక దాచే కొట్టు లేదు, కొన్నవాళ్లకు దాన్ని నిలవ ఉంచుకోవడమూ తెలియదు. నష్టమే మిగిలింది. ఇంతలో తండ్రి దక్షిణ బోస్టన్ భూముల బేరాల్లో ఆస్తి పోగొట్టుకున్నాడు. కొడుకు అప్పుల కింద జైలుకూ వెళ్లాడు.

వ్యాపారాన్ని నిలబెట్టింది రంపపు పొట్టు. గడ్డల మధ్య దాన్ని దట్టిస్తే కరగడం తగ్గింది. 1820ల్లో నథానియల్ వైత్ రూపొందించిన, గుర్రాలు లాగే నాగలితో చెరువు మంచును ఒకే కొలత దిమ్మలుగా కోయగలిగారు. 1833లో టస్కనీ ఓడ 180 టన్నులతో కలకత్తాకు బయల్దేరింది. భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నెలల తర్వాత దాదాపు 100 టన్నులు దించింది! తర్వాత మద్రాసు సముద్రతీరంలోనూ మంచు కొట్టు లేచింది. 1897లో వివేకానందుడు బస చేసిన ఆ భవనం పేరుతోనే ఆ పేటను నేటికీ ఐస్‌హౌస్ అంటారు.

1834లో, యాభయ్యో ఏట, ఫ్రెడరిక్ యూఫీమియా ఫెన్నోను పెళ్లాడాడు. ఆరుగురు పిల్లలు పుట్టారు. ఆ రోజుల్లోనే కాఫీ ధరల మీద ఆడిన జూదంలో రెండు లక్షల డాలర్లకు పైగా పోయాయి. ఆ అప్పును మంచు లాభాలతోనే ఏళ్ల తరబడి తీర్చాడు. 1864లో కన్నుమూశాడు. చెల్లెలు డీలియా నౌకాదళ అధికారి చార్ల్స్ స్టీవర్ట్‌ను పెళ్లాడింది. ఐర్లండ్ స్వపరిపాలన నేత పార్నెల్ ఆమె కూతురి కొడుకే.