టేపు డ్రైవును ఆపరేటింగు సిస్టము గుర్తించకపోవడం

టేపు డ్రైవు అనగా అయస్కాంత టేపు మీద సమాచారాన్ని వ్రాసి, తిరిగి చదివే పరికరం. సర్వరులోని సమాచారానికి నకళ్ళు తీసి వేరొక చోట భద్రపరచుటకు దీనిని వాడుతారు. సర్వరుకు తగిలించిన డ్రైవు ఆపరేటింగు సిస్టముకు కనిపించకపోతే ఆ రాత్రి నకలు తయారు కాదు. ఎవరూ గమనించకపోతే, డిస్కు పాడైన రోజున గాని ఆ సంగతి బయటపడదు.

ఐబీఎం సంస్థ తన తొలి టేపు డ్రైవు 726ను 1952లో విడుదల చేసింది. 1988 మార్చి 17న ప్రయోగించిన ఐఆర్‌ఎస్-1ఎ ఉపగ్రహం పంపిన సమాచారాన్ని హైదరాబాదుకు సమీపాన గల షాద్‌నగర్ భూకేంద్రంలో అధిక సాంద్రత టేపుల మీద నమోదు చేసేవారు. 2000లో వచ్చిన మొదటి తరం ఎల్‌టీఓ టేపులో 100 గిగాబైట్లు పట్టేవి.

== గుర్తింపు జరిగే క్రమం ==
సర్వరు మొదలయ్యేటప్పుడు ముందుగా స్కజీ కంట్రోలరు తనకు తగిలించిన పరికరాలను ఒక్కొక్కటిగా పలకరిస్తుంది. జవాబిచ్చిన వాటి పేర్లు తెర మీద కనిపిస్తాయి. ఆపరేటింగు సిస్టము ఆ తరువాతనే రంగంలోకి వస్తుంది. కనుక మొదట చూడవలసినది ఈ జాబితానే. డ్రైవు పేరు ఇందులో లేకపోతే డ్రైవరును ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు, దోషం తీగలోనో, అమరికలోనో ఉంటుంది. చాలామంది ఈ మెట్టు దాటవేసి సాఫ్టువేరుతో కాలం వృథా చేస్తారు.

== తీగ, చిరునామా, టెర్మినేటరు ==
సమాంతర స్కజీలో ప్రతి పరికరానికి వేరు చిరునామా ఉండాలి. 16 బిట్ల వరుసలో ఇవి 0 నుండి 15 వరకు ఉంటాయి. సాధారణంగా 7 కంట్రోలరుదే. ఒకే చిరునామా రెండింటికి ఉంటే రెండూ మాయం కావచ్చు. వరుస రెండు కొసలలోను టెర్మినేటరు ఉండాలి, మధ్యలో ఉండరాదు. అది లేనప్పుడు డ్రైవు ఒక రోజు కనిపించి మరొక రోజు కనిపించకపోవడం మామూలే. ఎల్‌వీడీ వరుసకు హెచ్‌వీడీ పరికరం తగిలిస్తే పరికరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. తీగలు విప్పేముందు సర్వరును, డ్రైవును రెంటినీ ఆపాలి. తిరిగి వెలిగించేటప్పుడు బయటి డ్రైవు ముందు, సర్వరు తరువాత. శాస్ పద్ధతిలో చిరునామా, టెర్మినేటరు బెడద లేదు.

చల్లపల్లి వంటి కృష్ణా డెల్టా ఊళ్ళలో గాలిలో తేమ ఎక్కువ. కనెక్టరు పిన్నులకు చిలుము పట్టిందేమో చూసి, కంట్రోలరు కార్డును స్లాటు నుండి తీసి మళ్ళీ అమర్చడం ఇక్కడ తప్పక చేయవలసిన పని.

హార్డు డిస్కుల కోసం తయారైన రెయిడ్ కంట్రోలర్లలో అనేకం టేపు డ్రైవును ఆపరేటింగు సిస్టముకు చూపవు. అటువంటప్పుడు వేరే కంట్రోలరు కార్డు అవసరం.

== ఆపరేటింగు సిస్టములో ==
కంట్రోలరు జాబితాలో పేరు ఉండి కూడా పని జరగకపోతే డ్రైవరును చూడాలి. లినక్సులో టేపుకు ఎస్‌టీ అనే మాడ్యూలు లోడు కావాలి, కాకపోతే ఎస్‌టీ0 అనే పరికర ఫైలు ఏర్పడదు. విండోసులో డివైస్ మేనేజరు చూడాలి. విండోస్ సర్వర్ 2003లోని ఎన్‌టీబ్యాకప్ టేపు మీద వ్రాసేది. 2008 సంచికలో దాని స్థానంలో వచ్చిన విండోస్ సర్వర్ బ్యాకప్ వ్రాయదు. డ్రైవు డివైస్ మేనేజరులో ఉండి కూడా ఇందులో కనిపించకపోతే అది మరమ్మతు చేయవలసిన లోపం కాదు, టేపుకు పనికివచ్చే వేరొక ప్రోగ్రాము కావాలి.

డ్రైవు కనిపించిన తరువాత ఒక చిన్న ఫైలును టేపు మీదకు వ్రాసి, తిరిగి డిస్కు మీదకు తెచ్చి, అసలుతో పోల్చి చూస్తారు.