దండు పాదిరీ హెన్రీ మార్టిన్

వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డ 1806లోనే ఈస్టిండియా కంపెనీ కొలువుకని పాతికేళ్ల పాదిరీ ఒకడు కలకత్తాలో దిగాడు. పేరు హెన్రీ మార్టిన్. ఇంగ్లండులోని ట్రూరోలో 1781లో పుట్టినవాడు, 1801లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో మొదటివాడిగా నిలిచినవాడు. కంపెనీకి మిషనరీలంటే అసలే గిట్టదు. వేలూరు తరవాత ఆ అనుమానం మరీ ముదిరింది. దండులోని తెల్ల సోల్జర్ల కోసం తాను జీతమిచ్చి పెట్టుకున్న పాదిరీ (చాప్లిన్) సంగతి వేరు. మార్టిన్ వచ్చింది ఈ దారినే.

పటాలం బతుకేమిటో అతనికి దారిలోనే తెలిసింది. 1806 జనవరిలో గుడ్ హోప్ అగ్రం దగ్గర బ్రిటిష్ సేన డచ్చివాళ్లతో తలపడినప్పుడు, గాయపడి పడున్నవాళ్ల మధ్య తిరిగాడు. తరవాత పట్నా పక్కన దానాపూర్, 1809 నుంచి కాన్పూర్. కాన్పూర్‌లో చర్చి లేదు. తెల్లవారకముందే వెయ్యిమంది సోల్జర్లు మైదానంలో చదరంగా బారులు తీరేవారు, నడుమ నిలబడి అతను ప్రసంగించేవాడు. ఆ వేళకే ఉక్కకు తాళలేక కొందరు నిలుచున్నచోటే కూలిపోయేవారట. బలవంతపు ఆరాధనకు శ్రద్ధ ఎక్కడినుంచి వస్తుంది? ఆదివారం సాయంత్రాలు అతని ఇంటి ఆవరణలోకి బిచ్చగాళ్లు, ఫకీర్లు వందల్లో వచ్చేవారు. డబ్బులు పంచి, హిందూస్తానీలో బోధించేవాడు. ఆ గుంపును కళ్లారా చూసిన ఒక సైనికాధికారి భార్య, రచయిత్రి మేరీ షెర్వుడ్, దాన్ని వివరంగా రాసిపెట్టింది.

అసలు పని బల్ల దగ్గర జరిగేది. బైబిలులోని కొత్త నిబంధనను హిందూస్తానీలోకి తేవడానికి కాశీకి చెందిన మీర్జా ఫిత్రత్, పర్షియన్, అరబ్బీల కోసం సబాత్ అనే అరబ్బు అతనికి తోడు. ఈ సబాత్‌కు మన విశాఖపట్నంతో సంబంధముంది. అక్కడి కోర్టులో ఇస్లామీ ధర్మశాస్త్రం చెప్పే ముఫ్తీగా ఉంటూ కొత్త నిబంధన చదివి, మద్రాసు వెళ్లి బాప్తిస్మం తీసుకున్నాడు. పండితుడే గానీ ముక్కుమీద కోపం, తన మాటకు ఎదురుండకూడదు. అతను చేసిన పర్షియన్ తర్జుమాను కలకత్తాలో పండితులు తిప్పికొట్టారు. నిండా అరబ్బీ మాటలు, మామూలు జనానికి కొరుకుడుపడదన్నారు.

మార్టిన్ గొప్పదనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. మూడేళ్ల శ్రమ మీద అలాంటి తీర్పు వస్తే వాదానికి దిగేవాళ్లే ఎక్కువ. ఇతను, వంశాన్ని పట్టి పీడిస్తున్న క్షయ తన ఊపిరితిత్తుల్లోనూ ఉన్నా, పర్షియన్ భాష పుట్టిన పర్షియాకే బయలుదేరాడు. 1811 జూన్‌లో షీరాజ్ చేరాడు. మీర్జా సయ్యద్ అలీ అనే పండితుడు పక్కన కూర్చున్నాడు. ఎండలు భరించలేక ఊరి బయట తోటలో గుడారం వేసుకుని వాక్యం తరవాత వాక్యం తిరగరాశారు. మధ్యమధ్య ముల్లాలు వచ్చి వాదానికి దిగేవారు. 1812 ఫిబ్రవరికి కొత్త నిబంధన, ఆ వెంటే కీర్తనలు ముగిశాయి.

ఆ తర్జుమాను పర్షియా రాజైన షాకు స్వయంగా సమర్పించాలనుకున్నాడు గానీ, తబ్రీజ్‌లో జ్వరం పడగొట్టింది. ఆ పని బ్రిటిష్ రాయబారి సర్ గోర్ ఔస్లీ చేశాడు. ఇంగ్లండు వెళ్దామని గుర్రమెక్కిన మార్టిన్, 1812 అక్టోబరు 16న తుర్కీలోని తోకాత్‌లో కన్నుమూశాడు. వయసు 31. అక్కడి ఆర్మీనియన్లు ఖననం చేశారు.

హిందూస్తానీ గ్రంథం 1814లో సీరాంపూర్‌లో, పర్షియన్ గ్రంథం 1815లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అచ్చయ్యాయి. రెంటికీ మార్టిన్ పేరే నిలిచింది. ఫిత్రత్‌ను, సయ్యద్ అలీని తలచేవాళ్లు తక్కువ. ఇది చరిత్ర చేసిన అన్యాయమే. సబాత్ మాత్రం క్రైస్తవం వదిలి, దానికి ఎదురుగా పుస్తకం కూడా రాశాడు. కాన్పూర్‌లో ఆ ఆదివారపు మాటలు విన్న షేక్ సాలిహ్ అనేవాడు 1811లో కలకత్తాలో బాప్తిస్మం పొంది అబ్దుల్ మసీహ్ అయ్యాడు. అప్పటికే మార్టిన్ దేశం వదిలి వెళ్లాడు. అబ్దుల్ మసీహ్ ఆగ్రాలో ఏళ్ల తరబడి బోధించి, 1825లో బిషప్ హీబర్ చేతుల మీదుగా ఆంగ్లికన్ పాదిరీ అయ్యాడు.